అమ్మానాన్నలతో అమెరికా నేషనల్ పార్కులు: ఏ నెలలో ఏ ప్రోగ్రామ్‌కి తీసుకెళ్లాలి?

మీ ప్రశ్న చదివాను. మే చివర్లో నెల్లూరు నుంచి అమ్మానాన్నలు డాలస్ వస్తున్నారు, నవంబర్ దాకా ఉంటారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లల్లో పెద్ద పాప నాలుగో తరగతి, బాబుకు ఆరేళ్లు. పోయినసారి ఎల్లోస్టోన్ తీసుకెళ్తే మూడు రోజులూ కారులో తిరగడమే సరిపోయింది, "అన్నీ కొండలే కదరా" అన్నారు నాన్నగారు. ఈసారి పార్కుల్లో సీజన్‌ను బట్టి జరిగే ప్రోగ్రాములు ఏవైనా ఉంటే, పెద్దవాళ్లకు, పిల్లలకు ఇద్దరికీ నచ్చేవి చెప్పమన్నారు.

నాన్నగారు అన్నదాంట్లో తప్పేమీ లేదండీ. మా మావయ్యగారూ 2017లో సరిగ్గా ఇదే మాట అన్నారు. నాలుగు రోజుల్లో పదకొండు వ్యూ పాయింట్లు చూపించాను. ప్రతిచోటా దిగడం, ఫొటో, ఎక్కడం. తప్పు నా ప్లానింగ్‌లోనే ఉంది. ఆ తర్వాత నేను పద్ధతి మార్చేశాను. ముందు ఏ సాయంత్రం, ఏ ప్రోగ్రామ్ అనేది ఖాయం చేసుకుంటాను. హోటల్, రూటు, మిగతా చూడాల్సినవి అన్నీ దాని చుట్టూ అల్లుకుంటాను. మీది నెల్లూరు కాబట్టి ఈ సంగతి మీకు ఇట్టే అర్థమవుతుంది. నేలపట్టుకు మే నెల ఎండలో వెళ్లినవాడికి, గూడబాతులు గూళ్లు కట్టే చలికాలంలో వెళ్లినవాడికి ఒకే ఊరు కనిపించదు కదా. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చలికాలంలోనే ఎందుకు పెడతారో మీ నాన్నగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి పార్కులూ అంతే.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని బట్టే నా సలహా మారింది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకు 11 పెద్ద పార్కుల్లో మామూలు ఎంట్రీ ఫీజు కాక మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు, 16 ఏళ్లు, ఆపైన వాళ్లకు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, జయాన్, గ్లేసియర్, రాకీ మౌంటెన్, అకేడియా లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఏడాది పాస్ ఇక్కడ ఉండేవాళ్లకు 80 డాలర్లు, బయటి నుంచి వచ్చేవాళ్లకు 250. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తారు కాబట్టి ఈ లెక్క మీకు తగులుతుంది. బయల్దేరే ముందు ఆ పార్కు అధికారిక పేజీలో ఫీజుల భాగం ఒకసారి చదవండి. అలాగని దిగులు పడకండి. ఆ 11 పార్కుల్లో లేని చోట్లే మీ ఇంటి పరిస్థితికి బాగా సరిపోతాయి. డాలస్ నుంచి కారులో వెళ్లగలిగినవి కూడా వాటిలో ఉన్నాయి.

నా మొదటి ఓటు న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ కావెర్న్స్‌కి, అదీ ఆగస్టులో.

అక్కడ పగలు గుహ, సాయంత్రం గబ్బిలాలు. గుహలోకి 750 అడుగుల లోతుకు లిఫ్ట్ ఉంది. నాన్నగారు ఒక్క మెట్టు దిగక్కర్లేదు. కింద బిగ్ రూమ్ అనే పెద్ద చావడి చుట్టూ మైలుంపావు దారి, చాలావరకు చదునుగానే ఉంటుంది. ఓపిక లేకపోతే మధ్యలో అడ్డదారిలో వెనక్కి రావచ్చు. మా అత్తయ్యగారు లోపలికి అడుగుపెట్టగానే "బొర్రా గుహల్లాగే ఉందే" అన్నారు. పది నిమిషాల తర్వాత ఆ పోలిక ఆవిడే మానేశారు. లోపల ఏడాది పొడవునా 56 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 13. బయట ఎండ మండిపోతుంటే శాలువా ఎందుకని పెద్దవాళ్లు కారులో వదిలేస్తారు, మీరే పట్టుకెళ్లండి. పులిహోర డబ్బా కారులోనే ఉంచండి. గుహలోకి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకెళ్లనివ్వరు. టైమ్ స్లాట్ ముందే రిక్రియేషన్ డాట్ గవ్‌లో మనిషికి ఒక డాలర్ పెట్టి తీసుకోవాలి, పాస్ ఉన్నా సరే. మధ్యాహ్నం లోపలి స్లాటే తీసుకోండి, సాయంత్రానికి కాస్త నడుం వాల్చి రావచ్చు. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో ముందురోజు పార్కు పేజీలో చూడటం మర్చిపోవద్దు. రిపేరు వస్తే మోకాళ్ల నొప్పుల వాళ్లకు ఆ ట్రిప్పే లేనట్టు.

అసలు ప్రోగ్రామ్ సాయంత్రం. మే చివరి నుంచి అక్టోబర్ దాకా, పొద్దు గుంకేముందు గుహ ముఖద్వారం దగ్గర రాతి అరుగుల గ్యాలరీలో జనం కూర్చుంటారు. టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు. రేంజర్ (పార్కు ఉద్యోగి) వచ్చి గబ్బిలాల గురించి చెబుతారు, ప్రశ్నలు అడగనిస్తారు. తర్వాత ఫోన్లన్నీ ఆపి లోపల పెట్టేయమంటారు. ఫొటో, వీడియో ఏదీ కుదరదు, ఆ వెలుతురు, శబ్దం గబ్బిలాలకు ఇబ్బంది కాబట్టి. ఆగస్టు, సెప్టెంబర్ అని ఎందుకంటున్నానంటే, వేసవి మొదట్లో పుట్టిన పిల్లలు అప్పటికి రెక్కలొచ్చి తల్లులతో పాటు బయటికొస్తాయి. ఉత్తరం నుంచి వలస వచ్చేవీ కలుస్తాయి. గుంపు బాగా పెద్దదవుతుంది. చలికాలానికి ఇవన్నీ మెక్సికో వెళ్లిపోతాయి.

మావయ్యగారు మొదట రానన్నారు. ఇంట్లోకి గబ్బిలం దూరితే అరిష్టమని చిన్నప్పటి నుంచి విన్న మనిషి. మా బాబు కోసం వచ్చి కూర్చున్నారు. రేంజర్ ఇంగ్లీషు ఆయనకు వేగంగా అనిపించి పక్కనున్న మనవణ్ణి అడిగారు, ఏమంటున్నాడురా అని. వాడికి ఎనిమిదేళ్లు, తెలుగు అంతంతమాత్రం. కాసేపు ఆలోచించి, "బ్యాట్ అరుస్తుంది తాతా, మనకి వినపడదు. ఆ అరుపు పురుగుని తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. అప్పుడు దానికి పురుగు ఎక్కడుందో తెలుస్తుంది" అన్నాడు. మావయ్యగారు ఇంకో ప్రశ్న వేశారు, వాడు లేచి వెళ్లి రేంజర్‌ని అడిగి వచ్చి మళ్లీ చెప్పాడు. ఇంతలో గుహ నోట్లోంచి సన్నగా పొగలాంటిది లేచింది. సుడి తిరుగుతూ, పైకి, ఇంకా పైకి. నీళ్లు పారుతున్నట్టు రెక్కల చప్పుడు, ఆ వెనకే ముతక వాసన. వందల మంది కూర్చున్న చోట ఒక్క మాట లేదు. ఆ సుడి కొండ మీదుగా సాగి దూరంగా ఒక తాడులా వంకర్లు పోతూ వెళ్లింది. అరగంట గడిచినా వస్తూనే ఉన్నాయి. మావయ్యగారు లేవలేదు. చీకటిపడి ఏమీ కనిపించకపోయినా ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. ఆ సాయంత్రం తాలూకు ఒక్క ఫొటో మా దగ్గర లేదు, కానీ ఇంట్లో ఎక్కువసార్లు చెప్పుకునేది దాని గురించే.

ఒక జాగ్రత్త. మేం వెళ్లిన మొదటి సాయంత్రం ఉరుములు, మెరుపులు వచ్చి ప్రోగ్రామ్ రద్దయింది. ఆగస్టులో ఆ ప్రాంతంలో సాయంత్రపు వానలు మామూలే. రెండు రాత్రులు బుక్ చేసుకున్నాం కాబట్టి మర్నాడు చూడగలిగాం. మీరూ రెండు రాత్రులు పెట్టుకోండి. డాలస్ నుంచి దాదాపు 8 గంటల డ్రైవ్, మధ్యలో ఒక చోట ఆగి వెళ్తేనే పెద్దవాళ్లకు సుఖం. అక్కడ గడియారం టెక్సాస్ కంటే ఒక గంట వెనక ఉంటుంది, స్లాట్ టైమ్, సూర్యాస్తమయం రెండూ అక్కడి టైమే. వేరే గుహలకు వేసుకెళ్లిన బూట్లు, బట్టలు ఇక్కడికి వేసుకురావద్దు. గబ్బిలాలను చంపే ఒక రకం బూజు జబ్బు వాటి ద్వారా పాకుతుందని అడిగి మరీ చూస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, న్యూ మెక్సికో దక్షిణ భాగంలోనూ, పక్కనున్న టెక్సాస్‌లోనూ హైవేల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఇచ్చే నమోదు) ప్రింటు, మీ కాగితాలు బ్యాగులో పైనే ఉంచండి. అన్నీ ఉంటే రెండు ప్రశ్నలు అడిగి పంపేస్తారు. లేకపోతే ఊరికే టెన్షన్.

మీ పాప నాలుగో తరగతి అన్నారు కదా, ఇది చాలామందికి తెలియదు: ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అని నాలుగో తరగతి పిల్లలకు ఏడాది ఉచిత పాస్ ఉంది. ఆన్‌లైన్‌లో పాప చేతే చిన్న యాక్టివిటీ చేయించి కాగితం ప్రింటు తీసుకోవాలి, ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు. మనిషికింత అని వసూలు చేసే కార్ల్స్‌బాడ్ లాంటి చోట్ల పిల్లలతో పాటు ముగ్గురు పెద్దలకు కూడా ఎంట్రీ చెల్లుతుంది. ఆగస్టు 31తో గడువు అయిపోతుంది. అందుకే ఈ ట్రిప్ సెప్టెంబర్‌కి జరపకండి.

అక్కడి నుంచి మూడున్నర గంటల దూరంలో వైట్ శాండ్స్. 2019 డిసెంబర్‌లో నేషనల్ పార్క్ హోదా వచ్చింది. 275 చదరపు మైళ్ల తెల్లటి జిప్సం ఇసుక. మామూలు ఇసుకలా కాలదు, ఎండలో కూడా ఉత్త కాళ్లతో నడవచ్చు. రోజూ పొద్దు గుంకేముందు రేంజర్ వెంట నడిచే సన్‌సెట్ స్ట్రోల్ ఉంటుంది, కానీ ఇసుకలో నడక కాబట్టి నాన్నగారికి వద్దు. చెక్క వంతెనలా వేసిన బోర్డ్‌వాక్ ఒకటుంది, దాని మీద హాయిగా నడుస్తారు. మే నుంచి అక్టోబర్ దాకా పౌర్ణమి రోజుల్లో ఫుల్ మూన్ నైట్స్ పెడతారు. ఆ రాత్రి పార్కు ఆలస్యంగా మూస్తారు, రేంజర్ల ప్రోగ్రామో, సంగీతమో ఉంటుంది. చాప వేసుకుని కూర్చుంటే చాలు, వెన్నెల్లో ఇసుకంతా తెల్లగా పాల సముద్రంలా ఉంటుంది. అమ్మగారు పంచాంగం చూసి పౌర్ణమి ఎప్పుడో చెప్పేస్తారు, కానీ దాన్ని నమ్మి బయల్దేరకండి. ప్రోగ్రామ్ తేదీ పార్కు క్యాలెండర్‌లో ఏది వేస్తే అదే. పక్కనే క్షిపణి పరీక్షల స్థావరం ఉంది, పరీక్ష ఉన్న రోజు దారి మూడు గంటల దాకా మూసేస్తారు. ఆ సంగతి కూడా ముందే పేజీలో పెడతారు.

రెండో ఓటు టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి. దీనికి ఎంట్రీ ఫీజే లేదు. 15 నిమిషాలకు మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి, రోజుకు 5 డాలర్లు, వారానికి 15. ఇక్కడ మే చివరి నుంచి జూన్ మధ్య లోపల, ఎల్క్‌మాంట్ అనే చోట మిణుగురులు అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. కొన్ని మెరుపులు వరసగా, తర్వాత కొన్ని సెకన్లు కటిక చీకటి, మళ్లీ మొదలు. వెలిగేవి మగవి. నేల మీద ఆకుల్లో కూర్చున్న ఆడవి చిన్నగా మెరిసి జవాబిస్తాయి. జనం తాకిడికి అవి నలిగిపోకుండా ఎనిమిది రాత్రులు మాత్రం లాటరీ తీసి కార్లను పంపిస్తారు. ఈమధ్య సంవత్సరాల్లో రాత్రికి 120 కార్ల లెక్కన ఇస్తున్నారు. దరఖాస్తుకు ఒక డాలర్, వస్తే మరో 29. లాటరీ ఏప్రిల్ చివర్లో కొద్ది రోజులే తెరుస్తారు. మీరు ఏప్రిల్లోనే అడిగారు కాబట్టి సరిగ్గా సమయానికి అడిగారు, ఫోన్‌లో రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి. నేను వరసగా మూడేళ్లు వేస్తే ఒక్కసారి వచ్చింది. అందుకని వస్తే వెళ్దాం అనుకుని వేయండి, విమానం టికెట్లు ముందే కొనేయకండి.

అమ్మానాన్నలు మే చివర్లో దిగుతున్నారు కాబట్టి తేదీ ఎంచుకునేటప్పుడు చివరి రాత్రులే పెట్టండి. ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం సాయంత్రం ఏడింటికే కళ్లు మూతలు పడతాయి, మిణుగురుల వేడుక తొమ్మిదిన్నర దాటితే గాని మొదలుకాదు. మడత కుర్చీలు, గొడుగు పట్టుకెళ్లండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి నేలవైపే వేయాలి, దారి దిగకూడదు, పురుగుల్ని పట్టకూడదు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మా అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిన్నప్పుడు తమ ఊళ్లో చేల గట్ల మీద ఇవి ఎన్ని ఉండేవో, సీసాలో పెట్టి ఎలా ఆడుకునేవాళ్లో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. మా పిల్లలు ఆవిడ చిన్నతనం గురించి అన్ని ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి.

లాటరీ రాకపోయినా స్మోకీస్‌ని వదలకండి, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో వెళ్లండి. నార్త్ కరోలినా వైపు ఒకోనలఫ్టీ విజిటర్ సెంటర్ పక్కన పచ్చిక బయళ్లలో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పులు సాయంత్రాలు మేతకొస్తాయి. ఈ కొండల్లో ఒకప్పుడు పూర్తిగా అంతరించిపోతే, 2001లో తెచ్చి మళ్లీ వదిలారు. జత కట్టే కాలం అదే కాబట్టి మగవి మెడ చాచి కూత పెడతాయి. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి ఈలలాంటి శబ్దం వస్తుందని ఎవరూ ఊహించరు. రోడ్డు పక్కనుంచే కనిపిస్తాయి, కానీ 50 గజాల దూరం పాటించడం చట్టం. ఎల్క్ కోసం అందరూ రాకీ మౌంటెన్ పేరే చెబుతారు. అదీ గొప్పదే, కాకపోతే అక్కడ 100 డాలర్ల అదనపు ఫీజు, పైగా లోయలే 8,000 అడుగుల ఎత్తులో ఉంటాయి. బీపీ ఉన్న పెద్దవాళ్లకు స్మోకీస్ నయం.

గ్రాండ్ కాన్యన్‌లో జూన్‌లో ఎనిమిది రాత్రులు స్టార్ పార్టీ జరుగుతుంది, ఔత్సాహికులు సొంత టెలిస్కోపులు తెచ్చి అందరికీ చూపిస్తారు. టెలిస్కోపులోంచి ఆకాశాన్ని తన కళ్లతో చూసిన పిల్ల ఆ రాత్రిని మర్చిపోదు. మీ బడ్జెట్‌కు అదనపు ఫీజు బరువు కాకపోతే వెళ్లండి, చూడదగ్గదే. లేకపోతే నక్షత్రాల కోసం అంత దూరం అక్కర్లేదు. 2026లో ఆగస్టు 12న అమావాస్య, పెర్సీడ్ ఉల్కలు ఎక్కువగా రాలేది ఆ రాత్రి, మర్నాటి రాత్రి. కార్ల్స్‌బాడ్ ట్రిప్ ఆ తేదీలకు పెట్టుకుంటే గబ్బిలాలు చూశాక, ఊరి దీపాలకు దూరంగా ఉండే బసలో పెరట్లో కూర్చున్నా కనిపిస్తాయి. పౌర్ణమి ప్రోగ్రామ్ మాత్రం అదే ట్రిప్‌లో కుదరదు, రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే ఉల్కలకే వెళ్తాను.

జూనియర్ రేంజర్ ప్రోగ్రామ్ ఏ పార్కుకెళ్లినా వదలకండి. విజిటర్ సెంటర్‌లోకి వెళ్లగానే బుక్‌లెట్ అడగాలి, చాలాచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్ది డాలర్లు. వయసును బట్టి కొన్ని పేజీలు నింపి, ఒక రేంజర్ టాక్ విని వస్తే, రేంజర్ పక్కన నిలబెట్టి ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు. మీ బాబుకు చదవడం కష్టమైతే బొమ్మల పేజీలుంటాయి. నా సలహా, ఆ పుస్తకం పని అమ్మానాన్నలకు అప్పగించండి. మీరు డ్రైవింగ్, పార్కింగ్ చూసుకుంటుంటే వాళ్లు పిల్లలతో కూర్చుని నింపుతారు. మా పాప కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే పక్కన అత్తయ్యగారూ చెయ్యెత్తారు. రేంజర్ ఒక్క క్షణం ఆగి, ఆవిడ వైపు తిరిగి, ఒక్కో ముక్కా నెమ్మదిగా చెప్పి పలికించి, ఆవిడకూ బ్యాడ్జ్ ఇచ్చారు. ఏలూరులో దేవుడి గూట్లో ఉంది అది ఇప్పుడు.

క్యాలెండర్ ఎక్కడ చూడాలంటే, నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్ ఎన్.పి.ఎస్. డాట్ గవ్‌లో ఆ పార్కు పేజీ తెరిస్తే ఈవెంట్ల క్యాలెండర్ ఉంటుంది. ఇతర బ్లాగుల్లో పాత సంవత్సరాల షెడ్యూళ్లు అలాగే ఉండిపోతాయి, వాటిని నమ్మొద్దు. 2025లో సిబ్బంది తగ్గాక కొన్ని పార్కుల్లో ప్రోగ్రాములు కూడా తగ్గాయి. అందుకే బయల్దేరే వారం విజిటర్ సెంటర్‌కి ఒక ఫోన్ కొట్టండి. రేంజర్లు విసుక్కోకుండా చెబుతారు. పెద్దవాళ్లున్నారు, ఏది బాగుంటుందని అడిగితే క్యాలెండర్‌లో కనిపించని వివరం కూడా చెప్పడం నాకు చాలాసార్లు అనుభవం. ఉచిత ప్రవేశం రోజులని చూసి వెళ్లకండి, పార్కింగ్ దొరక్క సగం రోజు పోతుంది, పైగా ఇప్పుడవి ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే.

చివరగా ఇల్లు కదలక్కర్లేనిది ఒకటి. అలాస్కాలోని కట్‌మాయ్ పార్కు ప్రతి ఏడాది సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో ఫ్యాట్ బేర్ వీక్ జరుపుతుంది. బ్రూక్స్ నదిలో సాల్మన్ చేపలు తిని చలికాలం నిద్రకు సిద్ధమయ్యే ఎలుగుబంట్లలో ఏది బాగా బలిసిందో ఆన్‌లైన్‌లో జనమే ఓటేసి తేల్చాలి. 2014లో ఒక్కరోజు పోటీగా మొదలైంది. వేసవి మొదట్లో బక్కగా, చివర్లో బలిసి ఉన్న ఫొటోలు పక్కపక్కన పెడతారు. నది దగ్గర లైవ్ కెమెరాలు కూడా ఉంటాయి. పాపను, బాబును తాతయ్య, నానమ్మల మధ్య కూర్చోబెట్టి రోజుకు పది నిమిషాలు చూడండి. మా ఇంట్లో 128 నంబరు గ్రేజర్ అనే తల్లి ఎలుగుకి అందరి ఓట్లూ పడ్డాయి. 2024 వేసవిలో 32 నంబరు చంక్ దాని పిల్లను చంపింది, ఫైనల్లో గ్రేజర్ ఆ చంక్ మీదే గెలిచింది. అత్తయ్యగారు ఆ రోజు కళ్లు తుడుచుకున్నారు. 2025లో దవడ విరిగిన చంకే గెలిచింది, దానికి మావయ్యగారు ఏలూరు నుంచి ఓటేశారు, అత్తయ్యగారు వేయలేదు. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, ఓటింగ్ ఎప్పుడని ఇద్దరూ వేరువేరుగా వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు.